సభ మనది, సభ మీద పెత్తనం ఎవరిది?

(సంఘ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పూట మేం మాట్లాడదలచుకున్నది భూమి గురించి కాదు, కూలి గురించి కాదు, కేసుల గురించి కాదు. వాటి గురించి మనం మాట్లాడుకునే సభ గురించి. సభలో ఎవరు ముందు మాట్లాడాలి, ఎవర్ని ఎవరు ఆపాలి, ఎవరి మాట పుస్తకంలోకి ఎక్కాలి, ఎవరి మాట గాలికి పోవాలి - ఇది తేల్చేది ఎవరు? ఇదీ ఈ పూట ప్రశ్న.

ఇదేమంత పెద్ద విషయం అని కొందరికి అనిపించవచ్చు. సెంటు భూమి లేనివాడికి సభా మర్యాదలతో ఏం పని అనవచ్చు. పని ఉంది. భూమి మీద పెత్తనం ఉన్నవాడికే మాట మీద కూడా పెత్తనం ఉంది. మాట మీద పెత్తనం ఉంది గనకే భూమి మీద పెత్తనం ఇన్ని తరాలు నిలబడింది. ఎదురు మాట లేచిన చోటల్లా ఆ పెత్తనం కదిలింది. అందుకే ఎదురు మాట లేవకుండా చూసుకోవడం పెత్తందారుకి మొదటి పని.

చాటింపు మనది, తీర్పు వాళ్లది

ఊళ్లో పంచాయితీ ఉందంటే డప్పు కొట్టి చాటింపు వేసింది ఎవరు? మనవాళ్లు. ఇంటింటికీ తిరిగి కబురు చెప్పింది ఎవరు? వెట్టికి పోయిన మనవాళ్లు. తీరా పంచాయితీ మొదలయ్యాక రచ్చబండ మీద కూచున్నది ఎవరు? కోస్తాలో మునసబూ కరణమూ, తెలంగాణలో పటేలూ పట్వారీ, వాళ్ల పక్కన నలుగురు మోతుబరులు. మనవాళ్లు ఎక్కడున్నారు? చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. తగువు మనది. కొట్టబడింది మన మనిషి. అవమానపడింది మన ఆడపిల్ల. అయినా 'నువ్వు మాట్లాడు', 'నువ్వు ఆగు', 'నీకేం తెలుసురా, నోరుముయ్యి' అనే హక్కు మాత్రం వాళ్లది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ పంచాయితీల్లో మనల్ని అసలు మాట్లాడనివ్వలేదని కాదు. మాట్లాడమన్నారు. అడిగినప్పుడు, అడిగినంత మేరకు మాట్లాడమన్నారు. మాట్లాడే అవకాశం వేరు, మాటను నడిపే అధికారం వేరు. మొదటిది ఇచ్చి రెండోది దాచుకున్నవాడు ఎప్పుడూ గెలుస్తాడు. ఎందుకంటే ఏది విషయమో, ఏది విషయం కాదో వాడే తేలుస్తాడు. మనం కొట్టిన దెబ్బల గురించి చెబితే, వాడు పశువులు చేలో పడ్డ సంగతి అడుగుతాడు. చీకటి పడేసరికి దెబ్బలు తిన్నవాడే జరిమానా కట్టి ఇంటికి పోతాడు.

మునసబు కరణాలు పోయారు. పటేల్ పట్వారీలు పోయారు. ఆ పద్ధతి పోయిందా? ఈనాటి మీటింగులు చూడండి. ఆఫీసర్లు పిలిచిన మీటింగు కావచ్చు, పార్టీలు పిలిచినది కావచ్చు, స్వచ్ఛంద సంస్థలు పిలిచినది కావచ్చు. దళితుల సమస్యల మీదే సభ అంటారు. వేదిక మీద ఎనిమిది కుర్చీలుంటే మనవాడికి చివరి కుర్చీ. మైకు ఒకరి చేతిలో. 'టైము లేదు, రెండు ముక్కల్లో చెప్పు' అని మనకు. వాళ్లకు మాత్రం గంటన్నర.

మన పేరున, మనం లేకుండా

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. మన ఉద్యమాల చరిత్ర తిరగేస్తే అడుగడుగునా ఇదే తగాదా కనిపిస్తుంది.

1917 నవంబరులో బెజవాడలో మనవాళ్ల మహాసభ జరిగింది. పంచమ మహాజన సభ అని దానికి పేరు పెట్టారు. భాగ్యరెడ్డివర్మ గారు హైదరాబాదు నుంచి వచ్చి అధ్యక్షత వహించారు. అధ్యక్ష స్థానంలో కూచుని ఆయన ఏం చేశారు? ముందు ఆ పేరునే ప్రశ్నించారు. పంచములం అని ఎవరన్నారు మనల్ని? మనం ఈ నేల మొదటి బిడ్డలం, ఆది ఆంధ్రులం అన్నారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. ఆ రోజు అధ్యక్ష స్థానంలో ఇంకొకరు ఉంటే ఆ ప్రశ్న లేచేదా? లేచినా 'ఎజెండాలో లేదు, కూర్చో' అనేవారు. కుర్చీ మన చేతిలో ఉంది గనక పేరు మారింది. పేరు మారింది గనక ఒక తరం తల ఎత్తుకుంది.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ 1932. ఆ ఏడు సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగింది. వారం తిరక్కుండా అంటరానితనం పోగొట్టడానికని అఖిల భారత సంస్థ ఒకటి పుట్టింది. తర్వాత అదే హరిజన సేవక సంఘం అయింది. అధ్యక్షుడు ఘనశ్యామ్‌దాస్ బిర్లా, కార్యదర్శి అమృతలాల్ థక్కర్. బాబాసాహెబ్ మొదట్లో అందులో ఉన్నారు. పని ఎలా సాగాలో ఓడలో లండన్ పోతూ ఆ నవంబరులో థక్కర్‌కి పెద్ద ఉత్తరం రాశారు. పౌరహక్కుల కోసం ఊరూరా పోరాడండి, పనిచేసేవాళ్లను అంటరానివాళ్లలోంచే తీసుకోండి అని రాశారు. ఆ మాట చెల్లలేదు. ఆయన బయటికి వచ్చేశారు. తర్వాత మనవాళ్లు పోయి, 'మా సంఘంలో మాకు చోటేదయ్యా' అని గాంధీ గారిని అడిగారు. ఇది సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తం, అప్పు తీర్చాల్సినవాళ్లే సంస్థను నడపాలి, మీరు కావలిస్తే సలహా సంఘాలు పెట్టుకోండి అని దాని సారాంశంగా జవాబు వచ్చింది. ఇదంతా బాబాసాహెబ్ 1945లో గాంధీ మీద, కాంగ్రెస్ మీద రాసిన పుస్తకంలో వివరంగా ఉంది.

అప్పులవాడే లెక్కల పుస్తకం తన దగ్గర పెట్టుకుంటానంటే అప్పిచ్చినవాడి గతేమిటి? సలహా మనది, నిర్ణయం వాళ్లది. మాట మనది, మాట మీద పెత్తనం వాళ్లది. రచ్చబండ ఢిల్లీకి పోయిందంతే.

మరి ఈ పెత్తనాన్ని మనవాళ్లు కొంతైనా గుంజుకున్న చోటు లేదా అంటే, చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. మనవాళ్లు న్యాయం చెయ్యమని అడిగి ఊరుకోలేదు. విచారణ మా ఊళ్లోనే జరగాలన్నారు. మా తరఫున వాదించే ప్రాసిక్యూటర్ మేం నమ్మినవాడై ఉండాలన్నారు. ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూచుంది. సాక్ష్యం చెప్పే తల్లి తన ఊళ్లో, తనవాళ్ల మధ్య నిలబడి చెప్పింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ గాయం మానేది కాదు. అయినా ఒక్కటి గుర్తుంచుకోండి. న్యాయం ఏమిటని అడగడంతోపాటు, న్యాయం ఎక్కడ కూచుని వింటుంది, ఎవరి నోటితో మాట్లాడుతుంది అని కూడా చుండూరు అడిగింది. మేం చెబుతున్నది అదే.

మన సభల్లో మాత్రం?

ఇంతవరకూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్పాలి.

మన వాడలో మన సంఘం సభ జరుగుతుంది. దొర లేడు, ఆఫీసరు లేడు. అందరం మనమే. మరి అక్కడ మాట ఎలా నడుస్తోంది? చదువుకున్న ఇద్దరు ముగ్గురు ముందు వరసలో. ఉద్యోగం ఉన్న అన్న మైకు పట్టుకుంటే దించడు. ఆడవాళ్లు వెనక, గోడవార. నీళ్ల గురించి చర్చ అంటే రెండు మైళ్లు బిందె మోసే అక్క మాట్లాడదు, బిందె ఎత్తని అన్న మాట్లాడతాడు. తాగి కొట్టే మొగుడి సంగతి ఎవరైనా ఎత్తితే, 'అది ఇంటి విషయం, ఉద్యమ విషయం కాదు' అని పక్కన పెడతారు. ఏది విషయమో తేల్చే అధికారం అంటే ఇదే మరి. దొర చేస్తే పెత్తనం, మనం చేస్తే క్రమశిక్షణా?

ఇంకో మాట. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. రిజర్వేషన్లలో మాకు రావలసిన వాటా ఏదని అడిగింది. ఆ ప్రశ్న కోర్టులు ఎక్కి, 2004లో ఒక తీర్పు, 2024 ఆగస్టు 1న దానికి పూర్తి ఎదురు తీర్పు చూసింది. ముప్పై ఏళ్లు. ఈ ముప్పై ఏళ్లలో మాల మాదిగలు ఒకచోట కూచుని, ఒకరు చెబుతుంటే ఒకరు విని, ఆ లెక్క మనమే మాట్లాడుకున్న సభలు ఎన్ని? ఎవరి సభ వాళ్లది. ఎవరి మైకు వాళ్లది. ఒకే చోట కూచున్న రోజున కూడా, 'ఇప్పుడు అది ఎత్తితే ఐక్యత చెడుతుంది' అన్న మాటే ముందు వచ్చింది. ఐక్యత పేరు చెప్పి నోరు మూయిస్తే ఐక్యత రాదు. నోరు మూసుకున్నవాడు వేరే సభ పెట్టుకుంటాడు. వాడి తప్పేముంది?

ఎవరు ఎత్తిన మాట వాళ్లే నడపాలి

అందుకని మేం ఒక పద్ధతి ముందు పెడుతున్నాం. చర్చించండి, తిట్టండి, సరిదిద్దండి. పద్ధతి ఇది: సభలో ఒక విషయాన్ని ఎవరు ఎత్తుతారో, ఆ విషయం మీద చర్చను వాళ్లే నడపాలి. నీళ్ల సంగతి ఎత్తిన అక్క, ఆ చర్చ అయ్యేదాకా సభ నడిపే చోట కూచోవాలి. ఎవరు ముందు, ఎవరు తర్వాత అనేది ఆమె చెబుతుంది. విషయం పక్కదారి పడితే ఆమే వెనక్కి లాగుతుంది. ఎవరైనా నోరు జారితే ఆమే ఆపుతుంది. ఆ విషయం అయిపోయాక లేచి తన చోటుకి పోతుంది. తర్వాతి విషయం ఎత్తినవాళ్లు వస్తారు. శాశ్వత అధ్యక్షుడు లేడు. కుర్చీకి ఒకరి పేరు రాసి లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: 'మనవాళ్లకి సభ నడపడం రాదు. చదువు లేదు. అల్లరవుతుంది.' ఈ మాట మనల్ని ఓటుకి పనికిరారన్నవాడు అన్నాడు, బడికి పనికిరారన్నవాడు అన్నాడు. ఇప్పుడు మన నోటే వస్తోంది.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చేసిన చివరి పెద్ద ప్రసంగం చదవండి. ఈ దేశానికి సభా పద్ధతులు ఇంగ్లీషువాడు నేర్పినవి కావన్నారు. బౌద్ధ భిక్షు సంఘాల్లో కూచునే ఏర్పాటు నుంచి ప్రతిపాదన, తీర్మానం, కోరం, ఓట్ల లెక్క, రహస్య ఓటు దాకా అన్నీ ఉన్నాయని చెప్పారు. ఆ నియమాలు వినయ పిటకంలో ఉన్నాయి. ఎలా నడిచేదో చూడండి. ఒకరు ప్రతిపాదన పెడతారు. పెద్ద విషయమైతే దాన్ని మూడుసార్లు సభకు వినిపిస్తారు. ఒప్పుకున్నవాళ్లు మౌనంగా ఉంటారు, ఒప్పుకోనివాళ్లు మాట్లాడాలి. ఏ తగువూ సంబంధించినవాళ్లు ఎదురుగా లేకుండా తేల్చకూడదు. మాట మీద మాట పెరిగి, అంతూ పొంతూ లేకుండా పోతే, సభ అంగీకారంతో కొద్దిమందిని ఎంచి వాళ్లకు అప్పగించాలి. అప్పటికీ తేలకపోతే పుల్లలు పంచి ఓట్లు తీసుకోవాలి. శలాకలు అనేవాళ్లు వాటిని.

ఆ పుల్లలు పంచేవాడు ఎలాంటివాడై ఉండాలి? తనవాళ్లని పక్షపాతం చూపకూడదు. పగ పెట్టుకోకూడదు. తెలివితక్కువగా పోకూడదు. భయపడకూడదు. ఎవరు పుల్ల తీసుకున్నారో ఎవరు తీసుకోలేదో తెలిసినవాడై ఉండాలి. ఇందులో చదువు అనే మాట ఎక్కడన్నా ఉందా? కులం ఉందా? ఆస్తి ఉందా? సభ నడపడానికి కావలసింది నిబ్బరం, నిష్పాక్షికత. అవి మన అక్కల దగ్గర లేవా?

ఇంకొకటి. బుద్ధుడు పోయాక రాజగృహంలో మొదటి సంగీతి జరిగింది. సంఘం నియమాలన్నీ గుర్తుచేసుకుని చెప్పమని ఎవర్ని అడిగారు? ఉపాలిని. ఉపాలి ఎవరు? శాక్య రాకుమారులకి క్షవరం చేసిన మంగలి. రాజుల బిడ్డలు ఉండగా, బ్రాహ్మణ భిక్షువులు ఉండగా, సభా నియమాలకి పెద్ద దిక్కు ఒక మంగలి బిడ్డ. మనకు సభ నడపడం రాదనేవాడికి ఇదీ జవాబు.

అలాగని భిక్షు సంఘం అంతా బంగారం అని మేం చెప్పడం లేదు. అక్కడ కూడా ఎంత పెద్ద భిక్షుణి అయినా, నిన్న చేరిన భిక్షువుకి మొక్కాలని నియమం ఉంది. తమను తాము నడుపుకున్న సంఘం కూడా ఆడవాళ్లను కింద కూర్చోబెట్టింది. బయటి పెత్తనం పోయినంత మాత్రాన లోపలి పెత్తనం పోదు. మౌనం సంగతి కూడా అంతే. సమానులు కూచున్న సభలో మూడుసార్లు అడిగాక మౌనం అంగీకారం కావచ్చు. మన ఊళ్లలో మౌనం అంగీకారం కాదు. మౌనం భయం. రేపు కూలికి పిలవరని భయం, ఇంటికి పోతే మొగుడు కొడతాడని భయం. అందుకే మన సభల్లో 'ఎవరూ మాట్లాడలేదు గనక ఏకగ్రీవం' అని రాయడం మానాలి. నోటితో చెప్పాలి, లేదా చెయ్యెత్తాలి. భయం ఉన్న చోట చీటీ వెయ్యాలి, గింజలు వెయ్యాలి.

నడపడం వేరు, నొక్కడం వేరు

రెండో అభ్యంతరం అసలైనది. 'విషయం ఎత్తినవాళ్లే చర్చ నడిపితే, ఎదుటివాళ్ల నోరు నొక్కరా? ఫిర్యాదు చేసినవాడే మైకు పట్టుకుంటే, ఫిర్యాదు ఎవరి మీదో వాడి గతేమిటి?' ఇది నిజమైన ప్రశ్న. కుర్చీలో ఎవరు కూచున్నా కుర్చీ గుణం కొంత అంటుకుంటుంది. దానికి కొన్ని కట్టుబాట్లు కావాలి. ఆ కట్టుబాట్లు తగువు రాకముందే, అందరూ కూచుని రాసుకోవాలి. తగువు మధ్యలో రాసిన నియమం నియమం కాదు, ఆయుధం.

ఒకటి. సభ నడిపేవాళ్లు తిట్టును ఆపవచ్చు, ఎదురు మాటను ఆపకూడదు. కులం పేరు పెట్టి, ఒంటి లోపం పెట్టి, ఆడదని వెక్కిరించి అన్న మాట తిట్టు. 'నీ లెక్క తప్పు', 'నువ్వు చెప్పింది జరగలేదు' అన్న మాట తిట్టు కాదు. ఎంత మంటగా ఉన్నా వినాలి.

రెండు. ఎవరి మాట ఆపారో, ఎందుకు ఆపారో పుస్తకంలో రాయాలి. ఆపిన సంగతి దాచకూడదు. సభ చివర ఆ పుస్తకం పైకి చదివి వినిపించాలి. చదువురానివాళ్లు చెవులతో సరిచూస్తారు. రాసేవాళ్లు నడిపేవాళ్లు ఒకరే కాకూడదు.

మూడు. ఆగమన్న మాట అన్యాయం అనిపిస్తే, ఆగినవాళ్లు సభను అడగవచ్చు. అప్పుడు నడిపేవాళ్లు తీర్పు చెప్పకూడదు, సభ చెయ్యెత్తి చెప్పాలి. సభ కాదంటే ఆ మాట సాగాల్సిందే.

నాలుగు. మనిషికీ మనిషికీ మధ్య తగువైతే ఈ పద్ధతి వర్తించదు. పొదుపు డబ్బు తిన్నావని ఒక అక్క ఇంకో అక్కని అడిగితే, ఇద్దరిలో ఎవరూ నడపకూడదు. ఇద్దరూ ఒప్పుకున్న మూడో మనిషి నడపాలి. ఇద్దరూ ఎదురుగా ఉండాలి. అందరి విషయమైతే ఎత్తినవాళ్లు నడపాలి. ఒకరి మీద ఆరోపణ అయితే ఏ పక్కా లేనివాళ్లు నడపాలి. ఈ తేడా మరిచిపోతే మన సభ మళ్లీ రచ్చబండే అవుతుంది.

ఐదు. ఆడవాళ్ల మీద జరిగిన దెబ్బ గురించి అయితే, నడిపేది ఆడవాళ్లే. మొదట మాట్లాడేది ఆడవాళ్లే. మగవాళ్లు వినడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు. అలాగే మాల మాదిగల మధ్య లెక్క అయితే, ఇటునుంచి ఒకరు అటునుంచి ఒకరు పక్కపక్కన కూచుని నడపాలి. రెల్లి, డక్కలి, బుడగ జంగం, మాస్టిన్ లాంటి చిన్న కులాలవాళ్లు ఆ సభలో ఉంటే వాళ్లకే ముందు మాట.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక వాడకి శ్మశానం దారి లేదు. శవాన్ని చేలగట్ల మీద మోసుకుపోవాలి. ఈ విషయం ఎత్తింది కాటికాపరి పని చేసే పెద్దాయన. చర్చ ఆయనే నడపాలి. నాయకుడు లేచి, 'ముందు ఎలక్షన్ల సంగతి మాట్లాడదాం' అంటే ఆయన ఆపవచ్చు. దారి పడితే తన పాక పోయే ఇంటాయన లేచి 'నేను ఒప్పుకోను' అంటే మాత్రం ఆపకూడదు. ఆ మాట పుస్తకంలోకి ఎక్కాలి. ఆ పాకకి బదులు జాగా ఎక్కడ అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. ఎదురు మాట వినకపోతే ఆ పాకాయన రేపు మోతుబరి పక్కన నిలబడతాడు. మోతుబరికి కావలసిందీ అదే.

సాధ్యమేనా?

సాధ్యమేనని జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో చూడవచ్చు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత ఆడవాళ్లు, చిరుధాన్యాలు పండించే చిన్న రైతులు, 2008 అక్టోబరు 15న అక్కడ సంఘం రేడియో మొదలుపెట్టారు. రికార్డు చేసేది వాళ్లే, ఏది వినిపించాలో కూచుని తేల్చుకునేది వాళ్లే. విత్తనం గురించి, పండగ గురించి, జబ్బు గురించి తమ యాసలో తామే మాట్లాడారు. 'మీ యాస బాగాలేదు, సరిగ్గా మాట్లాడండి' అనేవాడు మధ్యలో లేడు. మైకు చేతికి వస్తే మాట దానంతటదే వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మన సభలు మనం నడుపుకోవడం నేర్చుకుంటే, ఊరి సభలో కూడా నిలబడగలం. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం గ్రామసభ అంటే ఎవరు? ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ. సర్పంచి ఇంటి అరుగు మీద పదిమంది సంతకాలు గ్రామసభ కాదు. మనం పోవాలి, మన విషయం ఎత్తాలి, పుస్తకంలో రాయించాలి, రాసింది చదివించుకోవాలి.

అది తేలిక కాదని తెలుసు. తమిళనాడులో మదురై జిల్లా మేలవలవులో పంచాయితీ అధ్యక్ష పదవి మనవాళ్లకు రిజర్వయితే, గెలిచిన మురుగేశన్‌ను 1997 జూన్ 30న నరికి చంపారు. ఆయనతోపాటు మరో ఐదుగురిని చంపారు. అదే జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టిలలో పదేళ్లపాటు మనవాళ్ల పదవిని నిలబడనివ్వలేదు. ఒక కుర్చీ కోసం ఆరుగురి ప్రాణాలు తీశారంటే, కుర్చీ విలువ వాళ్లకు తెలుసన్నమాట. మనం కూడా తెలుసుకోవాలి. ఇవాళ చట్టం కొంత అండగా ఉంది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులో ఉంది. ఎస్సీ ఎస్టీ సర్పంచిని గానీ, వార్డు సభ్యుల్ని గానీ బెదిరించి, అడ్డుకుని, తమ పని తాము చెయ్యకుండా చేస్తే అది నేరం. నామినేషన్ వెయ్యకుండా ఆపడం కూడా నేరమే. మన సర్పంచిని కింద కూర్చోబెట్టి సభ నడిపేవాడికి ఈ సంగతి తెలిసేటట్టు చెయ్యండి.

అయితే చట్టం కుర్చీని ఇప్పించగలదు, కుర్చీలో కూచుని సభ నడిపే నిబ్బరాన్ని ఇప్పించలేదు. ఆ నిబ్బరం మన వాడ సభలో, మన సంఘం చాప మీద, ఒకరి తర్వాత ఒకరు నడిపి చూస్తేనే వస్తుంది. ఇరవై మంది అక్కలు తలా ఒక విషయం నడిపిన వాడ నుంచి సర్పంచిగా ఎవరు పోయినా, ఆమె వెనక మొగుడు కూచోనక్కర్లేదు, పక్కన కార్యదర్శి గుసగుసలాడనక్కర్లేదు.

ఇంటికి పోయాక మీరు చెయ్యాల్సింది ఒకటే. వచ్చే సంఘం సభలో ఆ ఐదు కట్టుబాట్లు చదవండి. నచ్చనివి కొట్టెయ్యండి, కావలసినవి కలపండి. అందరూ ఒప్పుకున్నవి గోడ మీద రాయండి. ఆ తర్వాత మొదటి విషయం వెనక కూచున్న అక్కని ఎత్తమనండి. ఆమె నడుపుతుంటే మధ్యలో నోరు పెట్టకండి. తడబడితే తడబడనివ్వండి. మన పెద్దపెద్ద నాయకులు మొదటిసారి మైకు పట్టుకున్నప్పుడు వాళ్లకూ కాళ్లు వణికాయి.

జై భీమ్!